ఉప్పు ఎంత ఉంటే మీ నాలుకకు తెలుస్తుంది? ఇంట్లోనే కొలిచే పద్ధతి

పరీక్షలు దగ్గరపడితే నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, ఇక్కడ బరంపురంలో మా వీధి చివరి నుంచి కూడా అదే: "మేడమ్, సైకాలజీ రికార్డులో అవధి కొలిచి రాయమన్నారు. కాలేజీలో పరికరం పనిచేయడం లేదు. ఎలా చేయాలి?" అవధి అంటే ఒక రుచి మనకు తెలియడానికి ఉండాల్సిన కనీస మోతాదు లాంటిది. వీళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, తరగతిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిషు. చదివింది అర్థమవుతుంది, చేతికి మాత్రం రాదు.

విద్యార్థులు కానివారు కూడా ఇదే ప్రశ్నను మరో రకంగా అడుగుతారు: "మా అత్తగారికి కూరలో ఉప్పు ఎప్పుడూ చాలదండీ, ఆవిడ నాలుక మొద్దుబారిందంటారా?" రెండు ప్రశ్నలకూ దారి ఒకటే కనుక ఒకే చోట రాస్తున్నాను. పరికరం అక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్టు, మందు పోసే సిరంజి, ఓపికగల మనిషి ఒకరు ఉంటే చాలు.

ముందు సిద్ధాంతం, నాలుగు ముక్కల్లో. రుచి అయినా, శబ్దం అయినా, స్పర్శ అయినా మనకు తెలియాలంటే కనీసం కొంత ఉండాలి. ఆ కనీసాన్ని పరమ అవధి అంటారు. ఉన్నదానికి ఇంకెంత చేరిస్తే తేడా తెలుస్తుందో అది భేద అవధి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వేబర్ అనే శాస్త్రజ్ఞుడు 1834లో స్పర్శ మీద, బరువుల మీద తన ప్రయోగాలను అచ్చు వేశాడు. అదే ఊళ్లో ఫెక్నర్ అనే మరో శాస్త్రజ్ఞుడు 1860లో ఈ కొలతల పద్ధతులన్నిటినీ ఒక శాస్త్రంగా కూర్చాడు. అవధికి లాటిన్‌లో వాడే మాటకు అర్థం 'గడప'. ఆ పోలిక కాస్త మోసం చేస్తుంది. గడపకు ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో ఎవరికైనా తెలుస్తుంది. రుచి విషయంలో అలా ఉండదు. అదే నీరు ఒకసారి ఉప్పగా తోస్తుంది, మరుసటిసారి చప్పగా తోస్తుంది. గడప అనే కన్నా వీధి అరుగు అంటే సరిపోయేది, అంత వెడల్పు ఉంటుంది. అందుకే సగం సార్లు పట్టుకోగలిగిన మోతాదునే అవధిగా తీసుకుంటారు.

మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. రుచి చూసే మనిషిని "తెలుస్తోందా?" అని అడగకండి. "మూడింటిలో ఏది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ధైర్యస్తులు ఎప్పుడూ అవునంటారు, మొహమాటస్తులు ఎప్పుడూ లేదంటారు. రెండో ప్రశ్న దగ్గర ఇద్దరూ సమానమే.

కావలసినవి

మెత్తటి ఉప్పు 100 గ్రాములు. కల్లుప్పు వద్దు, అందులో తేమ ఉంటుంది కాబట్టి తూకం మారుతుంది. వానాకాలంలో మరీను. నీళ్లు రోజుకు ఏడెనిమిది లీటర్లు. క్యాన్ నీళ్లయినా ఫిల్టర్ నీళ్లయినా సరే, మొదటి నుంచి చివరి వరకు ఒకే నీరు వాడాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రానికి దగ్గరగా ఉండి, మీ బోరు నీళ్లే ఉప్పగా ఉంటే వాటిని దగ్గరికి రానివ్వకండి. కొలత గీతలున్న లీటరు జగ్గు ఒకటి. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, మందుల దుకాణంలో దొరుకుతుంది. ఖాళీ సీసాలు ఎనిమిది. ఒకే రకం చిన్న గ్లాసులు పద్దెనిమిది. అన్ని లేకపోతే ఆరింటితో కడుగుతూ చేసుకోవచ్చు. ఇంకా ఒక పాచిక, నోటుపుస్తకం, ఉమ్మడానికి ఒక గిన్నె.

ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద 100 గ్రాములు తూయించి తెచ్చుకోండి. ఆ కాటా ఒకటి రెండు గ్రాములు అటూఇటూ అయినా నూరు గ్రాముల మీద అది లెక్కలోకి రాదు. నాలుగు గ్రాములు తూయమంటే మాత్రం లెక్క తప్పుతుంది. చిక్కటి ఉప్పునీరు ముందు కలుపుకుని తర్వాత పలుచన చేసుకోవడం అందుకే. చెంచాతో కొలవకండి. తలగొట్టిన చెంచాకూ గుట్టగా ఉన్న చెంచాకూ దాదాపు రెట్టింపు తేడా.

చేసే విధానం

1. జగ్గులో 100 గ్రాముల ఉప్పు వేసి, సగానికి నీళ్లు పోసి పూర్తిగా కరిగించండి. తర్వాత లీటరు గీత వరకు నీళ్లు నింపండి. లీటరు నీళ్లలో ఉప్పు వేయడం, ఉప్పు వేసి లీటరు వరకు నింపడం ఒకటి కావు. మనకు కావలసింది రెండోది. దీన్ని ఒక సీసాలో పోసి 'చిక్కనిది' అని రాసి పెట్టండి.

2. చిక్కనిది సిరంజితో నాలుగుసార్లు, మొత్తం 40 మిల్లీలీటర్లు తీసి జగ్గులో వేసి, లీటరు గీత వరకు నీళ్లు నింపండి. ఇది లీటరుకు 4 గ్రాముల ఉప్పు. దీనికి 6 అని అంకె వేయండి.

3. ఆరో సీసాలోంచి అర లీటరు తీసి, అర లీటరు నీళ్లు కలపండి. అది 2 గ్రాములు, సీసా 5. దానిలోంచి అర లీటరు తీసి మళ్లీ అర లీటరు నీళ్లు కలిపితే 1 గ్రాము, సీసా 4. ఇలాగే 0.5 (సీసా 3), 0.25 (సీసా 2), 0.125 (సీసా 1) వరకు దిగండి. మార్చిన ప్రతిసారీ జగ్గును మంచినీళ్లతో తొలచండి. ఇక్కడ తొందరపడి సీసాలు తారుమారు చేసేవాళ్లే ఎక్కువ. నీరు కలపకముందే అంకె వేసి పెట్టుకోండి.

4. ఎనిమిదో సీసాలో ఉత్త నీళ్లు నింపండి. అన్ని సీసాలూ కనీసం గంట పాటు ఒకే గదిలో ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టిన నీటికీ బయటి నీటికీ నాలుక ముందు చల్లదనంతోనే తేడా పట్టేస్తుంది.

5. రుచి చూసే మనిషి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. కాఫీ, కిళ్లీ, పచ్చడి అన్నీ బంద్. ఉసిరికాయ అసలే వద్దు. ఉసిరికాయ తిని నీళ్లు తాగితే తియ్యగా ఉండడం మన చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా, ఆ నాలుకతో కొలిస్తే వచ్చే అంకె ఉప్పుది కాదు. జలుబు, జ్వరం, నోటిపూత ఉంటే వాయిదా వేయండి.

6. మొదటి సీసాతో, అంటే అన్నిటికంటే పలుచనిదానితో మొదలుపెట్టండి. మూడు గ్లాసుల్లో 20 మిల్లీలీటర్ల చొప్పున, ఒకదానిలో ఉప్పునీరు, రెండింటిలో ఉత్తనీరు. ఉప్పుది ఎక్కడ పెట్టాలో పాచిక చెబుతుంది. 1 లేదా 2 పడితే ఎడమ, 3 లేదా 4 పడితే మధ్య, 5 లేదా 6 పడితే కుడి. మీ ఇష్టానికి వదిలేస్తే మీరు ఎక్కువగా మధ్యలోనే పెడతారు. నేనూ పెట్టాను.

7. రుచి చూసే మనిషి ముందు ఉత్తనీటితో రెండుసార్లు పుక్కిలించాలి. మన లాలాజలంలోనే కొంత ఉప్పు ఉంటుంది. నాలుక దానికి ఎంతగా అలవాటు పడిందంటే అది మనకు తెలియనే తెలియదు. ఆ ఉప్పును కడిగేస్తే అవధి తగ్గుతుంది, కడగకపోతే పెరుగుతుంది. మీరు ప్రతిసారీ ఒకేలా పుక్కిలించకపోతే మీ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.

8. ఎడమ నుంచి కుడికి ఒక్కో గ్లాసు నోట్లో పోసుకుని, నాలుక అంతా తిప్పి, ఐదు సెకన్ల తర్వాత ఉమ్మేయాలి. మింగనక్కర్లేదు. రక్తపోటు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తప్పకుండా ఉమ్మాలి. వెనక్కి తిరిగి రెండోసారి రుచి చూడడం లేదు. మూడూ అయ్యాక ఒకదాన్ని చూపించాలి. తెలియకపోతే ఊహించి అయినా చూపించాలి. "తెలియదు" అన్న జవాబు ఈ ఆటలో లేదు.

9. పక్కనే "ఖాయం" లేదా "ఊహ" అని కూడా రాసుకోండి. ఒప్పా తప్పా మాత్రం చెప్పకండి. అర నిమిషం ఆగి, పుక్కిలించి, రెండో సీసాకు వెళ్లండి. అలా ఆరూ పూర్తి చేయండి. చిక్కటి వాటి నుంచి పలుచని వాటికి దిగవద్దు, చిక్కటి ఉప్పు తగిలిన నాలుకకు పలుచనిది తెలియదు.

10. ఇలా మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. ద్రావణాలు ఏ రోజుకు ఆ రోజు పలుచన చేసుకోవాలి. చిక్కనిది మూత బిగించి ఉంచితే మూడు రోజులు బాగానే ఉంటుంది.

లెక్క కట్టడం

చివరిసారి తప్పు చెప్పిన సీసా ఏది, ఆ పైన అన్నీ ఒప్పే చెప్పిన మొదటి సీసా ఏది చూడండి. అవధి ఆ రెంటి మధ్యలో ఉంటుంది. మన సీసాలు రెట్టింపులుగా పెరుగుతున్నాయి కనుక, తప్పు చెప్పిన మోతాదును 1.4తో గుణిస్తే మధ్య అంకె వస్తుంది.

ఒక విద్యార్థి మొదటి రోజు సీసా 1 తప్పు, 2 ఒప్పు, 3 తప్పు, 4 నుంచి అన్నీ ఒప్పు చెప్పాడనుకోండి. చివరి తప్పు సీసా 3, అంటే 0.5. 0.5ను 1.4తో గుణిస్తే 0.7. రెండో సీసాలో ఒప్పు చెప్పాడు కదా అని దాన్ని పట్టుకోకండి. మూడు గ్లాసుల్లో కళ్లు మూసుకుని చూపించినా మూడింట ఒకసారి ఒప్పే అవుతుంది. వరుసగా రెండు అలా కలిసి రావడానికి తొమ్మిదింట ఒక వంతు అవకాశం, మూడు కలిసి రావడానికి ఇరవై ఏడింట ఒక వంతు. రెండో రోజు 0.35, మూడో రోజు 0.7 వచ్చాయనుకుంటే, మూడింటినీ వరుసలో పెట్టి మధ్యది తీసుకోండి. లీటరుకు 0.7 గ్రాములు, అదే అతని అవధి. చాలామందికి పావు గ్రాముకూ గ్రాముకూ మధ్య ఎక్కడో వస్తుంది. వయసు పెరిగితే ఈ అంకె పెరుగుతుంది.

ఇంకో సంగతి. అవధి దగ్గర ఉప్పు ఉప్పగా ఉండదు. "ఇది నీరు కాదు, మరేదో" అని తెలుస్తుంది కానీ ఏమిటో తెలియదు. మా పక్కింటి పిన్నిగారు ముప్పై ఏళ్లుగా పచ్చళ్లు, అప్పడాలు పెట్టి అమ్ముతున్నారు. బరంపురంలో ఆ పని చేసే ఇళ్లకు కొదవ లేదు కానీ, ఆవిడ ఆవకాయకు ఉప్పు తూచడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడను కూర్చోబెట్టి చేయించాను. మూడో సీసా దగ్గర కనుబొమ్మలు ముడిచి, మధ్య గ్లాసు పట్టుకుని అన్నారు: "అమ్మాయ్, ఇందులో పంచదార కలిపావా?"

అది ఉప్పుదే. బాగా పలుచని ఉప్పునీరు చాలామందికి కాస్త తియ్యగానే తోస్తుంది. మీ దగ్గర ఎవరైనా అలా అంటే తప్పు అని కొట్టేయకండి. గ్లాసు సరిగ్గా చూపించారా లేదా అన్నదే లెక్క. ఉప్పు అని పేరు పెట్టి చెప్పగలిగిన మోతాదును గుర్తింపు అవధిగా వేరే వరుసలో రాయండి. అది ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఎక్కడ తప్పుతారు

కిందటి ఏడు ఒక అమ్మాయి తన ఫలితాలు తెచ్చింది. ఇంట్లో నలుగురూ మొదటి సీసా నుంచే అన్నీ ఒప్పు! ఆ అంకె నమ్మశక్యం కాలేదు. మళ్లీ నా ఎదుట చేయమన్నాను. ఆ అమ్మాయి ఉప్పునీటి సీసాను ప్రతిసారీ పోసే ముందు బాగా కుదుపుతోంది, ఉత్తనీటి సీసాను కుదపడం లేదు. దాంతో ఉప్పు గ్లాసులో సన్నటి బుడగలు, మిగతా రెండింటిలో లేవు. వాళ్లు రుచి చూడకముందే చూసేశారు. అన్ని సీసాలనూ ఒకేలా కుదపండి, గ్లాసుల అంచులు తుడవండి. ఇంకా అనుమానం ఉంటే రుచి చూసే మనిషి కళ్లు మూసుకోవాలి.

రెండోది మీ ముఖం. సరైన గ్లాసు వైపు చేయి వెళ్తుంటే మీ పెదవులు కదులుతాయి. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు, మీకన్నా ముందే కనిపెడతారు. గ్లాసులు నింపేది ఒకరు, ముందు పెట్టేది మరొకరు అయితే మంచిది. రెండో మనిషి దొరక్కపోతే గ్లాసులు పెట్టి మీరు వెనక్కి తిరిగి నిలబడండి.

మూడోది గిన్నెలు తోమే సబ్బు. నిమ్మకాయ వాసన ఒక్క గ్లాసుకు మిగిలినా చాలు, కొలత పాడవుతుంది.

ఫలితం సరైనదో కాదో చూసుకోవడానికి ఒక కిటుకు ఉంది. మధ్యలో ఎక్కడో ఒకసారి మూడు గ్లాసుల్లోనూ ఉత్తనీరే పోయండి, చెప్పకండి. దానికి "ఖాయం" అని చెప్పిన మనిషి మిగతా చోట్ల చెప్పిన "ఖాయం" కూడా లెక్కలోకి రాదు. అటువంటి మనుషులు ఎక్కువే, అందులో చదువుకున్నవారు ఇంకా ఎక్కువ.

ఆరో సీసా కూడా తెలియకపోతే కంగారు పడకండి, మరో రోజు చేయండి. జలుబులో రుచి పోయిందంటే నిజానికి పోయేది చాలావరకు వాసన. ముక్కు మూసుకున్నా ఉప్పు ఉప్పగానే ఉంటుంది, కావాలంటే ఇప్పుడే చూసుకోండి. రెండు మూడు వారాలైనా 4 గ్రాములు తెలియకపోతే, నోరు ఎండిపోతుంటే, కొత్తగా ఏవైనా మందులు మొదలుపెట్టి ఉంటే వైద్యుడికి చెప్పండి. ఇది ఇంటి కొలత, దీంతో జబ్బు తేల్చలేం.

ఉప్పుకు బదులు పంచదారతోనూ చేయవచ్చు. చిక్కనిది అలాగే 100 గ్రాములతో కలిపి, 160 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి 16, 8, 4, 2, 1, 0.5 గ్రాములుగా దిగండి. ఏడున్నర లీటర్ల నీళ్లలో ఒక టీ చెంచా పంచదార మనిషికి తెలుస్తుందని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. 1962లో గాలాంటర్ అనే సైకాలజిస్టు ఇచ్చిన ఉదాహరణల్లో అదొకటి. లెక్క కడితే అది లీటరుకు అర గ్రాము పైచిలుకు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తెలియలేదు. రికార్డులో పుస్తకం అంకె రాయకండి, మీకు వచ్చిన అంకె రాయండి.

అత్తగారి సంగతి

పరమ అవధి ఎంత వచ్చినా, దాన్నిబట్టి కూరలో ఉప్పు చాలిందో లేదో చెప్పలేం. కూరలో ఉప్పు ఎప్పుడూ గడప దాటి చాలా లోపల ఉంటుంది. అక్కడ పనిచేసేవి రెండు: అలవాటు, భేద అవధి. అలవాటు మారుతుంది. ఉప్పు తగ్గించి తినేవారికి కొన్ని వారాలకు తక్కువ ఉప్పే సరిపోయినట్టు అనిపించడం మొదలవుతుంది. పఖాళలో, అంటే ఒడియా ఇళ్ల నీళ్లన్నంలో, ఉప్పు చేత్తో విదిలించుకుని తినే ఇంటికీ, చద్దన్నంలో ఆవకాయ నంజుకునే ఇంటికీ 'సరిపడా' అన్న మాటకు ఒకే అర్థం ఉండదు. మొద్దుబారిందా లేదా అన్న అనుమానం తీరాలంటే పైన చెప్పిన పరీక్ష చేయండి, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది కనుక, అత్తగారికి చాలకపోవడం మీ తప్పు కాకపోవచ్చు.

భేద అవధికి చిక్కనిదాన్నే వాడండి. 80 మిల్లీలీటర్లను లీటరు వరకు నింపితే 8 గ్రాములు, దాదాపు చారులో ఉండేంత. ఇది మూలం. పోల్చడానికి అర లీటరు చొప్పున నాలుగు కలపండి. సిరంజితో 42.5, 45, 50, 55 మిల్లీలీటర్లు తీసుకుంటే అవి వరుసగా 8.5, 9, 10, 11 గ్రాములు అవుతాయి. రెండేసి గ్లాసులు పెట్టి "ఏది ఎక్కువ ఉప్పు?" అని అడగండి. ఒక్కో జతను ఎనిమిదిసార్లు ఇవ్వాలి. ఇక్కడ ఊహతోనే సగం ఒప్పవుతాయి కాబట్టి ఎనిమిదింట ఆరు ఒప్పయిన మోతాదును తీసుకోండి. రోజుకు రెండు జతల రకాలకు మించకండి, నాలుక అలిసిపోతుంది.

పిన్నిగారి పరమ అవధి 0.7, మా అందరిలాగే. ఈ పరీక్షలో మాత్రం 8కీ 9కీ ఎనిమిదింట ఏడు చెప్పారు. నాకు 10 దాకా రావలసి వచ్చింది.

రుచి చూడడం కుదరనివారు ఇదే పని బరువులతో చేయండి. ఒకే రకం డబ్బాలు రెండు. ఒకటి డబ్బాతో కలిపి 200 గ్రాములు, రెండోది 204, 208, 212, 220గా మారుస్తూ పోవాలి. లోపల ఉప్పే నింపి పైన గుడ్డ కుక్కండి, గలగల వినిపించకూడదు. కళ్లు మూసుకుని, మోచేయి బల్లకు ఆనించకుండా, ఒకే చేత్తో ఒకదాని తర్వాత ఒకటి ఎత్తాలి. రెండోసారి ఎత్తింది బరువుగా అనిపించే అలవాటు మనకు ఉంది కనుక, సగం సార్లు బరువైనది ముందు, సగం సార్లు తర్వాత ఇవ్వండి. తర్వాత 400 గ్రాములతో మళ్లీ చేసి చూడండి. వేబర్‌కు బరువుల్లో తేడా తెలిసింది సుమారు నలభయ్యో వంతు దగ్గర. 200కు 5 గ్రాములు పట్టగలిగిన చేతికి 400కు 10 కావాలి. మీ రెండు అంకెలూ ఆ వరుసలో వస్తే రికార్డులో వేబర్ సూత్రం కింద రాసుకోవచ్చు. రాకపోతే వచ్చిన అంకెనే రాసి, మోచేయి ఎక్కడ పెట్టారో కూడా రాయండి.

మిగిలిన చిక్కని ఉప్పునీరు అర లీటరు పైనే ఉంటుంది. మొక్కలకు పోయకండి, చచ్చిపోతాయి. ఎవరూ నోరు పెట్టలేదు కాబట్టి మామిడికాయ ముక్కలు ఊరేయవచ్చు. మా సీసా పిన్నిగారు అడిగి పట్టుకెళ్లారు.